వస్తానని చెప్పి

నన్ను చూడ్డానికి అప్పుడప్పుడూ కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు వస్తుంటారు. కాఫీ తాగి, నా మోకాళ్ళ నొప్పుల గురించి ఓపిగ్గా విని, చెప్పులేసుకుంటూ "వస్తామమ్మా" అంటారు. నేను వెంటనే "ఎప్పుడు?" అని అడుగుతాను. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. వెళ్ళేటప్పుడు మాటవరసకి అనే మాటకి తారీఖు అడిగే మనిషిని వాళ్ళెక్కడా చూసి ఉండరు. పెద్దావిడకి చాదస్తం అనుకుని నవ్వుకుంటూ పోతారు. చాదస్తమే, కాదనను. అది నాకు ఎలా పట్టుకుందో చెబుతాను, వినండి. మీకు పనికొస్తుంది.

ఎనభైల మొదట్లో మాట. నాకు అప్పుడే ముప్పై దాటాయి. దాచేపల్లి వైపు ఒక చిన్న ఊళ్ళో, ముప్పై మంచాల ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు నర్సుని. సున్నపురాయి లారీలు పోయినప్పుడల్లా కిటికీల్లోంచి తెల్లదుమ్ము వచ్చి ఉతికిన దుప్పట్ల మీద పడేది. అంతకుముందు పట్నంలో మానసిక వైద్యశాలలో ఆరు నెలలు ట్రైనింగ్ అయి వచ్చాను కాబట్టి, ఒంట్లో ఏ లోపమూ దొరకని కేసు ఏది వచ్చినా నా నెత్తినే పడేది. "ఆ పిచ్చి సిస్టర్ని పిలవండయ్యా" అనేవారు మా డాక్టరుగారు. చెయ్యి మంచిది, నోరు చెడ్డది. వార్డులో నాకు పెద్ద ఆసరా మా ఆయా. లారీ మెకానిక్కు భార్య, సాయిబుల ఇంటి పెద్దామె. చదువు లేదు గానీ, మంచం మీది మనిషి ఎప్పుడు ఏడవబోతుందో అరగంట ముందే చెప్పేది.

ఒకరోజు ఆ వార్డుకి ఇరవై నాలుగేళ్ళ అమ్మాయిని మోసుకొచ్చారు. ఊపిరాడటం లేదు, చేతులు కొంకర్లు పోతున్నాయి. గంటలో సర్దుకుంది. పది రోజులకి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ. భర్త లారీ డ్రైవరు. అతను లోడు మీద బయల్దేరిన రోజునే ఈ అమ్మాయికి ఊపిరాడదు అని మొదట కనిపెట్టింది ఆయానే. ముంజేతుల మీద తనే గీరుకున్న గీతలు కూడా ఆయానే చూసింది. వెంట మూడేళ్ళు నిండని పాప ఉండేది. తల్లి మంచం మీద కొట్టుకుంటుంటే ఆ పాప మంచం కోడుకి ఆనుకుని, గోడ వైపు చూస్తూ నిలబడేది.

రెండు నెలల్లో ఆ అమ్మాయి మా వార్డుని రెండు పార్టీలుగా చీల్చింది. ఒక నర్సు దేవత, ఇంకో నర్సు రాక్షసి. మర్నాటికి వాళ్ళు తారుమారు. పొద్దున ఒకావిడ చేతిలో అన్నం తిని, సాయంత్రం అదే చేతిలోని కంచం విసిరికొట్టేది. కొందరు జాలిపడేవారు, కొందరు "వేషాలు" అనేవారు. ఆ రెండు ముఠాల వాళ్ళం స్టాఫ్ రూములో టీ కూడా కలిసి తాగడం మానేశాం. నా సంగతి చెప్పాలంటే, నేను ఎప్పుడూ దేవతనే. మిగతా వాళ్ళని తిట్టినా నన్ను మాత్రం "సిస్టరక్కా" అని కొంగు పట్టుకుని వదిలేది కాదు. అది నా ట్రైనింగ్ గొప్పతనం అనుకుని లోలోపల మురిసిపోయాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

ఆయా మాత్రం ఒకరోజు గుడ్డలు మడతపెడుతూ అంది: "సిస్టరమ్మా, ఆ పిల్ల ఎత్తి కూచోబెట్టినోళ్ళనే కింద పడేస్తది. నువ్వు చానా ఎత్తున కూచున్నావు. కాస్త దిగు."

నేను నవ్వేశాను.

పట్నం నుంచి నెలకోసారి వచ్చే స్పెషలిస్టు ఆ అమ్మాయిని చూసి, కేస్ షీటులో ఇంగ్లీషులో రెండు మాటలు రాశారు. పర్సనాలిటీ డిజార్డర్. మా డాక్టరుగారు అది చదివి షీటు నా చేతిలో పెట్టారు. "జబ్బు కాదంటమ్మా. మనిషే అంతంట. మనిషికి మందు యాడ తెచ్చేది?"

ఆ రెండు మాటలు రాసిన తర్వాత ఆ అమ్మాయి మీద అందరికీ ఓపిక ఇంకా తగ్గింది. పేరు పెట్టేశాం కదా, ఇంక తెలుసుకోవాల్సింది ఏమీ లేదన్నట్టు. కానీ నాకు ట్రైనింగ్‌లో ఒక మేడమ్ చెప్పిన పాఠం గుర్తుకొచ్చేది. ఆవిడ మమ్మల్ని పిల్లల వార్డులో కూచోబెట్టి, తల్లి గదిలోంచి బయటికి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు పసివాళ్ళు ఏం చేస్తారో చూడమనేది. ఒక పిల్ల ఏడుస్తుంది, తల్లి రాగానే ఒళ్ళోకి పోయి, కాసేపటికి మళ్ళీ ఆటలో పడుతుంది. ఇంకో పిల్ల తల్లి పోయినా వచ్చినా అటు చూడనే చూడదు. లోపల బాధ లేక కాదు, చూపించి లాభం లేదని నేర్చుకుంది. మూడో పిల్ల తల్లిని పట్టుకుంటుంది, పట్టుకునే కొడుతుంది, ఎత్తుకుంటే దిగుతానంటుంది, దించితే ఎత్తుకోమంటుంది. "ఈ మూడో పిల్లలు కొందరు అట్లాగే పెరిగి పెద్దయితే, అప్పుడు మనం వాళ్ళకి ఒక జబ్బు పేరు పెడతాం" అనేది మేడమ్. వెంటనే వేలు చూపించి హెచ్చరించేది కూడా. అందరూ అలా కారు, పుట్టుకతో వచ్చిన తీరు కూడా ఉంటుంది, ఒక్క ఆధారం దొరికినా చాలామంది నిలదొక్కుకుంటారు, తల్లుల్ని తిట్టడానికి ఈ పాఠం వాడొద్దు అని.

ఆ ఆధారాన్ని నేనే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి తన సంగతి చెప్పింది. ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ మాచర్ల బస్టాండులో బెంచీ మీద కూచోబెట్టి, చేతిలో బన్ను పెట్టి, "ఈడనే కూచో, కదలమాక, ఇప్పుడే వస్తా" అని చెప్పి వెళ్ళింది. కృష్ణ దాటి పోయిందని తర్వాత ఎవరో అన్నారు. "నేను కదల్లేదు సిస్టరక్కా. దీపాలు పెట్టేదాకా కదల్లేదు. కదిలితే అమ్మొచ్చి ఎతుక్కుంటదేమోనని. బన్ను కూడా తిన్లేదు, అమ్మకి సగం పెడదామని." ఎవరో గుర్తుపట్టి మేనమామ ఇంట్లో అప్పగించారు. అక్కడ చాకిరీ, తిట్లు. పదహారో ఏట పెళ్ళి. ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు, నా ముఖం వైపు చూడనూ లేదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. మనలో వెళ్ళేటప్పుడు "పోతున్నా" అనరు. చిన్నప్పుడు అలా అన్నందుకు మా అమ్మ నా మూతి మీద ఒకటి వేసింది. "వస్తా" అనాలి, ఎదుటివాళ్ళు "పోయిరా" అనాలి. నేను ప్రతిరోజూ డ్యూటీ దిగేటప్పుడు మంచం మంచానికీ పోయి "వస్తానమ్మా" అని చెప్పి వెళ్ళేదాన్ని. రోగులకి అదొక ధైర్యం అని నా గర్వం. ఏడాది గడిచాక నాకు నరసరావుపేటలో ఒక ఆసుపత్రికి ట్రాన్స్‌ఫరయింది. ఆర్డరు చేతికొచ్చిన వారం రోజులూ ఆ అమ్మాయి వార్డులోనే ఉంది. భర్త అప్పటికే బెదిరిస్తున్నాడు, ఈ ఆసుపత్రి తిరుగుళ్ళు మానకపోతే పాపని రొంపిచెర్లలో తన తల్లి దగ్గర పెట్టేస్తానని. "నీ దగ్గరుంటే పిల్ల గూడా నీలాగే తయారవుద్ది" అని అందరి ముందూ అన్నాడు. ఆ మాట ఆ అమ్మాయిని ఎంత కోసిందో నేను చూశాను. ఇప్పుడు నేను కూడా వెళ్ళిపోతున్నానని ఎలా చెప్పను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నెట్టుకొచ్చాను.

చివరి రోజు డ్యూటీ రెండింటికి దిగాను. ఆ అమ్మాయి కనకాంబరాలు కడుతోంది. "రేపటికి సిస్టరక్కా. పొద్దున డ్యూటీనే గదా?" అంది.

"ఆఁ" అన్నాను. తర్వాత అలవాటు ప్రకారం "వస్తానమ్మా" అని కూడా అన్నాను.

తలుపు దగ్గర ఆయా నిలబడి ఉంది. నేను ఆమె ముఖం వైపు చూడకుండా బయటికి వచ్చి బస్సెక్కాను.

పదకొండు రోజుల తర్వాత, ఒక మంగళవారం. నరసరావుపేటలో కొత్త వార్డులో మందుల ట్రాలీ తోసుకుంటూ వరండాలోకి వచ్చాను. ఓపీ బయట బెంచీ మీద ఆ పాప కూచుని ఉంది. ఒక్కతే. పక్కన వైరు బుట్ట, చేతిలో బన్ను. బన్ను కొరకలేదు.

గోడ గడియారం పదకొండుకి పావు తక్కువ చూపిస్తోంది. "పాపా, అమ్మ ఏదీ?" అన్నాను.

"ఇప్పుడే వస్తదంట పెద్దమ్మా. కదలమాకంది."

బుట్టలో చూశాను. నాలుగు గౌన్లు, మడతపెట్టి ఉన్నాయి. ఆ పాపకి ఉన్నవే నాలుగు. ఒక పూట కోసం తెచ్చిన పిల్లకి నాలుగు గౌన్లెందుకు? గౌన్ల కింద పాత ఆసుపత్రి ఓపీ చీటీ, దాని మీద నా చేతి రాత. నా కొత్త ఆసుపత్రి ఏదో ఆయా దగ్గర కనుక్కుని, పాపని నాకు అప్పగించి పోయిందని అర్థమైంది. ఎక్కడికి పోయిందో ఊహించడానికి భయం వేసింది. పాప బెంచీ మీదే గౌను తడిపేసుకుంది. లోపలికి రమ్మంటే రాదు. రెండు చేతులతో బెంచీ పలక పట్టుకుని కూచుంది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఏమిటంటే, ఆ పాప ఏడవలేదు. గోడ వైపు చూస్తోంది.

మా హెడ్ నర్సుకి విషయం చెప్పాను. ఆవిడ "పోలీసులకి చెప్పి నీ డ్యూటీ నువ్వు చూసుకో" అంది. నా ముఖం చూసి, "సరే, పోయిరా. నేను చూస్తా ఇక్కడ" అని తనే ట్రాలీ పట్టుకుంది. నేను పాప ముందు మోకాళ్ళ మీద కూచున్నాను. నోటిదాకా వచ్చింది, "ఇప్పుడే వస్తా" అని. నాలుక కరుచుకున్నాను. ఆ ఒక్క మాట మింగడానికి నా జీవితంలో అంత కష్టం ఎప్పుడూ పడలేదు.

"పాపా, నేను మీ అమ్మని వెతకడానికి పోతున్నా. పన్నెండింటికి మునిసిపాలిటీ సైరన్ మోగుద్ది, అప్పటికి నేను ఇక్కడుంటా. అమ్మ దొరికినా, దొరక్కపోయినా, నేను మాత్రం ఉంటా."

పాప తల తిప్పలేదు. విన్నదో లేదో తెలియదు.

రిక్షా ఎక్కి బస్టాండుకి పోయాను. మాచర్ల బస్సులు ఆగేచోట బెంచీలన్నీ చూశాను. లేదు. జామకాయలమ్మే ఆమెని అడిగితే, "ఆకుపచ్చ కోకామెనా? మాచర్ల బస్సు రెండుసార్లు ఎక్కింది, రెండుసార్లు దిగింది. ఎందుకమ్మా ఏడుస్తున్నావంటే పలకలా. అట్నుంచి టేషను దిక్కు పోయింది" అంది. బస్సెక్కి దిగిందంటే ఊరు వదిలి పోలేకపోయింది. రైలు స్టేషనుకి పోయిందంటే, రైలెక్కడానికి కాదు. రిక్షా అతన్ని తొక్కమన్నాను. అతను తొక్కుతూనే ఉన్నాడు, నాకు మాత్రం బండి కదలనట్టే ఉంది. ఆ రోజు నేను చేసిన ప్రార్థన ఏ చర్చిలోనూ చేయలేదు.

స్టేషను గడియారంలో పదకొండున్నర. గుంటూరు వైపు నుంచి వచ్చే పాసింజరు ఆలస్యమైందని, ఇంకో పది నిమిషాల్లో వస్తుందని ఎవరో అంటున్నారు. ప్లాట్‌ఫారం ఈ చివర జనం ఉన్నారు. ఆ చివర, ఊరి పేరు రాసిన పలక అవతల, ప్లాట్‌ఫారం వాలుగా దిగిపోయే చోట, పట్టాలకి అడుగు దూరంలో ఆకుపచ్చ చీర.

పరిగెత్తలేదు. పరిగెత్తితే ఏం చేస్తుందోనని భయం. మామూలుగా నడిచి, నాలుగడుగుల దూరంలో ఆగాను. ఆ అమ్మాయి నన్ను చూసింది.

"నువ్వెందుకొచ్చావు? పాపని నీ చేతుల్లో పెట్టాగా."

"నా చేతుల్లో పెట్టలేదు. బెంచీ మీద పెట్టావు" అన్నాను.

ఆ మాట తగిలింది. ముఖం ముడుచుకుపోయింది. తర్వాత అరిచింది. "నువ్వు మాట్లాడమాక! నువ్వు మా అమ్మ కంటే ఎక్కువ అన్నేయం చేశావు. ఆమెకి చదువు లేదు. నువ్వు చదివినదానివి గదా! పొద్దున డ్యూటీనే గదా అంటే ఆఁ అన్నావు. మూడు రోజులు పూలు నీళ్ళలో ఏసి పెట్టా. కుళ్ళిపోయిన పూలు చూసి అప్పుడు చెప్పింది ఆయమ్మ, నువ్వు రావని."

నాకు ట్రైనింగ్‌లో నేర్పిన మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ వదిలేశాను. "అబద్ధం చెప్పాను" అన్నాను. "నీ ముఖం చూసి చెప్పే ధైర్యం లేక అబద్ధం చెప్పాను. తప్పు నాదే."

ఆ అమ్మాయి నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. తనకి చేసిన తప్పుని ఎవరైనా ఒప్పుకోవడం బహుశా ఎప్పుడూ చూసి ఉండదు. దూరంగా రైలు కూత వినిపించింది.

"విను" అన్నాను. "పాపకి పన్నెండింటికి వస్తానని చెప్పా. ఇప్పుడు పదకొండు నలభై. ఈసారి మాట తప్పను. నువ్వొస్తే ఇద్దరం పోదాం. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోయి, మీ అమ్మ రాదు, ఇంక ఆ బెంచీ దిగు అని నేనే చెప్పాలి. ఆ మాట నీకు ఎవరూ చెప్పలేదు. పాపకి నా చేత చెప్పిస్తావా?"

"అది ఏడుస్తందా?" అంది.

"లేదు. ఒక్క చుక్క లేదు. బన్ను కూడా కొరకలేదు."

ఆ అమ్మాయి కాళ్ళు మడతపడి అక్కడే కూలబడింది. నేను ముందుకు దూకి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. రైలు మా పక్కనుంచే వచ్చి ఆగింది. ఆ మోతలో ఆ అమ్మాయి ఏమరిచిందో నాకు వినపడలేదు. నా మోచేతి మీద దాని గోళ్ళు నాలుగు దిగాయి. ఆ మచ్చలు చాలాకాలం ఉన్నాయి. నిజంగా అక్కడ వదిలేసి పాప దగ్గరికి పోయేదాన్నా అని మీరు అడగవచ్చు. నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మంచిదనుకుంటాను.

ఇద్దరం అదే రిక్షా ఎక్కాం. ఆసుపత్రి గేటు ముందు ఎడ్లబళ్ళు అడ్డం నిలిచి ఉన్నాయి. అప్పుడే సైరన్ మొదలైంది. నేను రిక్షా దిగి, చెప్పు ఒకటి ఊడిపోతే వదిలేసి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని బళ్ళ మధ్యలోంచి పరిగెత్తాను. సైరన్ మోగుతుండగానే వరండాలో అడుగుపెట్టాం.

పాప బెంచీ మీదే ఉంది. తల్లిని చూసింది. చూసి, ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆ అమ్మాయి ఎత్తుకోబోతే రెండు పిడికిళ్ళతో ముఖం మీద కొట్టింది. కొడుతూనే జాకెట్టు గట్టిగా పట్టుకుంది. మా మేడమ్ చెప్పిన మూడో పిల్ల నా కళ్ళ ముందు, రెండు వయసుల్లో, ఒకదాన్నొకటి కరుచుకుని ఉంది. హెడ్ నర్సు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నిలబడి చూస్తావేం, పిల్లకి పొడి గౌను తొడుగు" అని నన్నే కసిరింది.

తర్వాతి నెలలో స్పెషలిస్టు పాత ఆసుపత్రికి వచ్చినప్పుడు పోయి మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. "మందు సీసాలో ఉండదమ్మా. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే టైము. ఎక్కువ ఇస్తానని చెప్పొద్దు. చెప్పింది మాత్రం తప్పొద్దు. ఏళ్ళు పడుతుంది. నీకు ఓపికుందా?" అన్నారు. ఉందో లేదో తెలియకుండానే ఉందన్నాను. నా వారం సెలవు గురువారం. పొద్దున బస్సెక్కితే పది గంటలకి ఆ పాత ఊళ్ళో దిగేదాన్ని. రెండు గంటల బస్సుకి తిరిగి వచ్చేదాన్ని. మొదటి గురువారమే వాళ్ళింట్లో, ఆయా ముందే ఆ అమ్మాయికి చెప్పాను: "పదింటికి వస్తా, రెండింటికి పోతా. మధ్యలో రోజుల్లో రాను. నువ్వు చెయ్యి కోసుకున్నా రాను, పండగ చేసినా రాను. ఆయమ్మ ఉంటుంది."

"పోతా అంటావేంది, అశుభం" అని ఆయా నోరు నొక్కుకుంది.

"అశుభం కాదు, టైము" అన్నాను.

భర్త పాపని తీసుకుపోవడానికి లారీ వేసుకుని రానే వచ్చాడు. మిరపకోతలు అయ్యేదాకా ఆగమని బతిమాలాను. "అట్టనే గానీ సిస్టరమ్మా, మళ్ళీ ఇట్టాంటిది జరిగితే నేనెవరి మాటా వినను" అన్నాడు. అతన్ని నేను ఒక్కటే అడిగాను, లోడు మీద పోయేటప్పుడు "వస్తా" అని పోవద్దని, ఏ రోజు తిరిగొస్తాడో చెప్పి పొమ్మని. "లారీకి నమ్మకమేముందమ్మా?" అన్నాడు. అయితే ఒకరోజు ఎక్కువే చెప్పమన్నాను. అనుకున్న దానికంటే ముందొస్తే ఎవరూ ఏడవరు. అతను మొరటు మనిషే గానీ మూర్ఖుడు కాదు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసి, ఎన్ని గీతలు కొట్టేస్తే తాను వస్తాడో పాపకి చూపించి పోవడం మొదలుపెట్టాడు. మిరపకోతలు అయ్యాయి. అతను పాప మాట ఎత్తలేదు.

అంతా చక్కబడిందని మాత్రం అనుకోకండి. మూడేళ్ళలో ఎన్ని గురువారాలు నన్ను బూతులు తిట్టిందో, ఎన్నిసార్లు తలుపు తీయలేదో లెక్కలేదు. తలుపు తీయకపోతే రెండింటిదాకా గడప మీద కూచుని, "పోతున్నా, వచ్చే గురువారం పదింటికి" అని చెప్పి లేచేదాన్ని. ఒకసారి నాకు టైఫాయిడ్ వస్తే, మాచర్ల బస్సు కండక్టరుకి చీటీ ఇచ్చి పంపాను. ఆ అమ్మాయి బస్టాండుకి వచ్చి చీటీ తీసుకుందట. ఊపిరాడక ఆసుపత్రికి రావడం నెలకోసారి అయింది, తర్వాత మూడు నెలలకోసారి. ముంజేతుల మీద కొత్త గీతలు కనపడటం తగ్గింది. ఒక గురువారం నాకు జలుబు చేసి ఉంటే మిరియాల పాలు ఇచ్చింది. నేను దేవతని కాదు, రాక్షసిని కాదు, జలుబు చేసిన మనిషిని అని దానికి అర్థమైన రోజు అది.

మూడో ఏడు గడిచాక నన్ను గుంటూరు అవతలికి మార్చారు. గురువారాలు ఇక కుదరవు. ఆర్డరు వచ్చిన మొదటి గురువారమే పోయి చెప్పాను. "ఇంకా నాలుగు గురువారాలు వస్తా. ఆ తర్వాత రాను." ఆ అమ్మాయి చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టింది. టీ గోడ మీద కారింది. పాపకి అప్పటికి ఆరేళ్ళు దాటాయి. లేచి, గ్లాసు తీసి, కడిగి బోర్లించింది. తర్వాతి రెండు వారాలు తలుపు తీయలేదు. మూడో వారం తీసింది గానీ మాట్లాడలేదు.

నాలుగో గురువారం ముగ్గురం గడప మీద కూచున్నాం. బెంచీ మీద వదిలేసిన నాటికి ఆ అమ్మాయి వయసెంతో, ఇప్పుడు పాప వయసు అంతే. నాకు ఆ ఆలోచన వచ్చింది. ఆ అమ్మాయికి కూడా వచ్చిందనుకుంటాను. పాప తలలో చెయ్యి పెట్టి కూచుంది, తీయలేదు. రెండు గంటల బస్సు మలుపులో హారన్ కొట్టింది. నేను లేచాను.

"పోతున్నా" అన్నాను. "ఇంక రాను."

పాప నా వైపు చూసింది. కింది పెదవి వణికింది. బావురుమంది. గోడ వైపు తిరగలేదు. ఏడ్చుకుంటూ పోయి తల్లి ఒళ్ళో పడింది. తల్లి దాన్ని కావలించుకుని, వీపు నిమురుతూ, "ఏడువు, ఏడువు. నేనీడనే ఉన్నాగా" అంటోంది. బస్సు వచ్చే లోపలే పాప ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. నేను అక్కడ నిలబడి మా మేడమ్ చూపించిన మొదటి పిల్లని చూశాను.

బస్సు వచ్చి ఆగింది. నేను కదల్లేదు. మనలో ఎవరైనా వెళుతుంటే "పోయిరా" అనాలి కదా. అలా అంటుందని, అంటే ఏం చెప్పాలో అని నాకు గుబులుగా ఉంది. ఆ అమ్మాయి తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"చెప్పి పోతున్నావు గదా సిస్టరక్కా" అంది. "బస్సు పోద్ది. పో."